మూడు దేశాల టూరా, జావా పల్లెలో ఎనిమిది వారాలా?

నమస్కారమండీ. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మాయి సోషియాలజీ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. సెలవుల్లో ఆసియాలోనే ఏదైనా దేశం వెళ్ళి, అక్కడివాళ్ళ మధ్య ఉండి నేర్చుకునే ప్రోగ్రాం చేస్తానని పట్టుబడుతోంది. రెండు చోట్ల సీటు వచ్చింది. మొదటిది 21 రోజుల్లో థాయిలాండ్, కంబోడియా, వియత్నాం: గుళ్ళు, వంట క్లాసులు, ఏనుగుల క్యాంపు, ఒక అనాథాశ్రమంలో 4 రోజుల సేవ. రెండోది ఇండోనేషియాలో జావా దీవిలోని యోగ్యకర్త దగ్గరి ఒక పల్లెలో 8 వారాలు, ఒకే ఇంట్లో బస, అక్కడి యూనివర్సిటీ పిల్లలతో కలిసి పని. ఏది మంచిది, అసలు వీటివల్ల చదువుకి ఏమైనా ఒరుగుతుందా, ఆడపిల్ల పరాయి ఇంట్లో అన్ని రోజులు ఎలా ఉంటుంది, ఆ ఇంటివాళ్ళకి ఏం పట్టుకెళ్ళాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. జావాకి పంపండి. మొదటిది వద్దు. రెండోదానికి కూడా డబ్బు కట్టే ముందు కింద నేను రాసిన నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు సరిగ్గా ఉంటేనే పంపండి. జవాబులు సరిగ్గా లేకపోతే ఈ ఏడాది ఆగినా నష్టం లేదు.

నేను పదహారేళ్ళుగా కోఆర్డినేటర్‌గా విద్యార్థి బృందాలతో వెళ్తున్నాను. మొదట ఉత్తర థాయిలాండ్, తర్వాత జపాన్‌లో క్యుషు, కొన్నాళ్ళు వియత్నాంలో మెకాంగ్ డెల్టా, ఇప్పుడు ఎక్కువగా జావా. పిల్లలు ఎక్కడ ఎదుగుతారో, ఎక్కడ ఫోటోలు మాత్రం తీసుకుని తిరిగొస్తారో దగ్గరుండి చూశాను. ఆ తేడాకి కారణం దేశం కాదు. ఒకే చోట ఎన్నాళ్ళున్నారు, అక్కడ వాళ్ళకి ఏం పని ఉంది, చూసినదాని గురించి మాట్లాడటానికి పక్కన ఎవరున్నారు అన్నదే.

ఒక ఉదాహరణతో చెబితే తేలిక. మీ అమ్మాయి వెళ్ళబోయే ప్రాంతంలోనే జరిగింది.

ఇండోనేషియాలో యూనివర్సిటీ విద్యార్థులు పల్లెల్లో ఉండి పనిచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని కులియా కెర్జా న్యాటా అంటారు, పొట్టిగా కేకేఎన్. 1970ల నుంచి నడుస్తోంది. యోగ్యకర్తలోని గజ మద యూనివర్సిటీ దీన్ని మొదలుపెట్టినవాటిలో ఒకటి. మా బృందం అలాంటి విద్యార్థులతో కలిసి ఒక పల్లెలో తాగునీటి మీద చిన్న సర్వే చేసింది. మా విద్యార్థి ఒకడు 34 ఇళ్ళు తిరిగాడు. "ఈ బావి నీళ్ళు తాగుతారా?" అని అడిగితే అందరూ "ఇంగ్గి" అన్నారు. జావా భాషలో మర్యాదగా "అవును" అనడం అది. రిపోర్టులో అలాగే రాసుకున్నాడు.

నాలుగో వారంలో ఒక సాయంత్రం తానుండే ఇంటి వంటగదిలో కూర్చుని బీన్స్ తరుగుతున్నాడు. ఇంటావిడ స్టాండు మీద బోర్లించిన పెద్ద నీళ్ళ క్యాను కొళాయి తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది. ఆ క్యాను రోజూ అక్కడే ఉంది. వీడు రోజూ ఆ నీళ్ళే తాగాడు. ఆ క్షణంలోగాని సర్వేకీ ఆ క్యానుకీ సంబంధం తట్టలేదు. "మరి బావి?" అంటే ఆవిడ నవ్వి, అది స్నానానికి, బట్టలకి అంది. "అడిగితే అవునన్నారు కదా" అంటే, ఆ బావి ఊరంతా కలిసి తవ్వుకున్నది, బయటినుంచి వచ్చిన అతిథితో దాని నీళ్ళు మేం తాగం అని ఎలా అంటాం అంది. కలిసి పనిచేయడాన్ని అక్కడ గోతోంగ్ రోయోంగ్ అంటారు. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడటం వాళ్ళకి నోట రాదు. పైగా "ఇంగ్గి" అంటే ప్రతిసారీ "అవును" కాదు. "మీరన్నది విన్నాను" అన్న మర్యాద కూడా అందులో ఉంటుంది.

ఆ రాత్రి వాడు నా దగ్గరికి వచ్చి, 34 ఇళ్ళ సర్వే వృథా అయిందని బాధపడ్డాడు. వృథా కాలేదు. ప్రశ్న అడిగే తీరు మీద ఒక సెమిస్టర్ పాఠం చెప్పినా అంత లోతుగా దిగదు. మర్నాడు నుంచి "తాగుతారా?" అనడం మానేసి, "పొద్దున్న లేచాక మొదటి గ్లాసు నీళ్ళు ఎక్కడినుంచి ముంచుకుంటారు?" అని అడగడం మొదలుపెట్టాడు. జవాబులే మారిపోయాయి.

ఇప్పుడు ఆలోచించండి. వాడు ఆ పల్లెలో 5 రోజులే ఉండి ఉంటే తప్పుడు రిపోర్టు పట్టుకుని సంతోషంగా ఇంటికి వచ్చేవాడు. 21 రోజుల్లో మూడు దేశాలంటే విమానాలు, బస్సులు, సరిహద్దులు పోను ఒక్కో చోట మిగిలేది ఆ ఐదారు రోజులే. గైడు చెప్పింది వినడానికి అది చాలు. గైడు చెప్పనిది చూడటానికి చాలదు.

ఇంట్లో ఉంటే చాలు, సంస్కృతి అదే అబ్బుతుంది అనుకోవద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 2009లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 61 ప్రోగ్రాములు, దాదాపు 1,300 మంది అమెరికా విద్యార్థులు. విదేశంలో వదిలేసి ఊరుకుంటే, వేరే సంస్కృతి మనుషుల్ని అర్థం చేసుకునే శక్తి పెద్దగా పెరగలేదు. అక్కడే ఉండి తరచూ కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి ఉన్నవాళ్ళలో బాగా పెరిగింది. ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యంగా అనిపించింది. ఒక కుటుంబంతో ఉండటం ఒక్కటే సరిపోలేదు. ఖాళీ సమయం ఆ కుటుంబంతో గడిపినవాళ్ళకే లాభం కనబడింది. అంటే గది తలుపు వేసుకుని ఫోన్ చూసుకునే పిల్లకి హోమ్‌స్టే కూడా హాస్టల్ లాంటిదే.

అందుకే నేను పిల్లలకి మొదటిరోజే చెప్పే మాట: వంటగదిలో కూర్చో. భాష రాకపోయినా ఫరవాలేదు, వెల్లుల్లి ఒలువు. ఆసియాలో చాలా ఇళ్ళలో ముఖ్యమైన మాటలు ముందుగదిలో కాదు, పొయ్యి దగ్గర జరుగుతాయి.

ఇక అనాథాశ్రమం సంగతి. దీని గురించి మెత్తగా చెప్పలేను. నా మొదటి రోజుల్లో నేను కూడా ఒక బృందాన్ని కంబోడియాలో అలాంటి చోటికి తీసుకెళ్ళాను. పిల్లలు బస్సు దగ్గరికే పరుగెత్తుకొచ్చి మా విద్యార్థుల చేతులు పట్టుకున్నారు, ఒళ్ళో కూర్చున్నారు. మావాళ్ళు కరిగిపోయారు. మేము బయల్దేరుతుంటే ఇంకో బస్సు వచ్చింది. అదే పిల్లలు, అదే పరుగు. నాలుగైదేళ్ళ పాప ఒకతి మా అమ్మాయి చెయ్యి వదిలేసి కొత్తవాళ్ళ చెయ్యి పట్టుకుంది. వెనక్కి కూడా చూడలేదు. ఆ పాపకి అది ఎన్నో బస్సో!

తర్వాత తెలుసుకున్నాను. 2011లో కంబోడియా ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి చేసిన అధ్యయనంలో అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. టూరిస్టులు, వాలంటీర్లు డబ్బు తెస్తుంటే పిల్లల్ని ఇళ్ళనుంచి తెచ్చి పెట్టుకునే చోట్లు పుట్టుకొచ్చాయి. శిక్షణ లేని విద్యార్థి 4 రోజులు ప్రేమ చూపించి వెళ్ళిపోవడం ఆ పిల్లలకి మేలు కాదు. అనాథాశ్రమ సేవ జాబితాలో ఉన్న ప్రోగ్రాం ఏదైనా, మిగతాది ఎంత బాగున్నా వదిలేయండి. రేపు సోషల్ సైన్స్‌లో పైకి వెళ్ళాలనుకునే అమ్మాయి రెజ్యూమేలో కూడా అది మంచి గుర్తు కాదు. ఏనుగుల క్యాంపు గురించి ఒక్క మాట: ఎక్కడం, స్నానం చేయించడం ఉంటే అది వినోదమే.

పొట్టి ప్రోగ్రాములన్నీ పనికిరానివని అనడం లేదు. ఒకే ఊరు, ఒకే విషయం పెట్టుకుంటే రెండు వారాలు కూడా బాగా పనికొస్తాయి. సైన్సు పిల్లలకి జపాన్ 2014 నుంచి నడుపుతున్న సకురా సైన్స్ ఉంది. ఒక ల్యాబు, ఒక పని, కొద్ది రోజులు, ఖర్చు వాళ్ళదే. అలాంటివాటిలో ఎవరూ "సంస్కృతిలో లీనమైపోతారు" అని మాట ఇవ్వరు. చేసేదేదో అదే చెబుతారు. పేచీ అంతా మూడు వారాల టూర్‌కి "ఇమ్మర్షన్" అని పేరు పెట్టి అమ్మడంతోనే.

సరే, జావా వాళ్ళని అడగాల్సినవి.

ఒకటి: వారానికి ఎన్నిసార్లు, ఎవరు, ఎంతమందితో కూర్చుని మాట్లాడతారు? "వాట్సాప్ గ్రూప్ ఉంది" అంటే అది జవాబు కాదు. అదే ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉండే మనిషి, జావా భాష వచ్చిన మనిషి, వారానికి కనీసం ఒకసారి గంటన్నర కూర్చోవాలి. నేను మూడు గళ్ళ పద్ధతి వాడతాను. నోటు పుస్తకంలో పేజీని మూడు నిలువు గళ్ళు చేసి, మొదటి గడిలో కంటికి కనబడింది, రెండోదానిలో దానికి నేను ఇచ్చుకున్న అర్థం, మూడోదానిలో నాకు కలిగిన భావం. మొదటి గడి నింపడం అన్నిటికన్నా కష్టం. "ఇంటావిడ కోపంగా ఉంది" అని రాస్తారు. అది కనబడింది కాదు, అనుకున్నది. కనబడింది "అన్నం వడ్డించి వెళ్ళిపోయింది, మాట్లాడలేదు" అంతే. ఈ రెంటినీ విడదీయడం వచ్చిన రోజున నా పని సగం అయిపోయినట్టే.

రెండు: అమ్మాయి రోజూ చేసే పని ఏమిటి, అది ఎవరికి కావాలి? ఊరికి అక్కర్లేని పని చేయిస్తే ఊరివాళ్ళు మర్యాదకి సర్దుకుంటారు, అమ్మాయి అతిథిగానే మిగిలిపోతుంది. మంచి ప్రోగ్రాంలో పని చిన్నదిగా, నిజమైనదిగా ఉంటుంది. పోసియందు అనే నెలవారీ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల బరువు రాయడం, చెత్త వేరుచేసే గుంపుతో తిరగడం, బాతిక్ (మైనంతో నమూనా గీసి రంగు వేసే గుడ్డ) అద్దే ఆడవాళ్ళ లెక్కలు చూడటం లాంటివి.

బాతిక్ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. యోగ్యకర్తలో రెండు గంటల బాతిక్ క్లాసులు వీధికొకటి ఉంటాయి. చేతిరుమాలు అద్ది ఇస్తారు, బాగానే ఉంటుంది. మా అమ్మాయి ఒకతి మూడు వారాలు ఒక పెద్దావిడ పక్కన కూర్చుంది. కరిగిన మైనం పోసే చిన్న రాగి పనిముట్టుని చంతింగ్ అంటారు. ఆ పెద్దావిడ ప్రతి గీతకీ ముందు దాని ముక్కు దగ్గర మెల్లగా ఊదుతుంది. మొదటి వారం ఈ అమ్మాయి అది అలవాటనుకుంది. రెండో వారంలో తన చంతింగ్ ముక్కు పూడుకుపోయి, గుడ్డ మీద మైనం బొట్లు బొట్లుగా పడితేగాని ఆ ఊదడం పనిలో భాగమని తెలియలేదు. పరాంగ్ అనే వాలు గీతల నమూనా గీయాలని ఉందంటే, ఒకప్పుడు అది రాజకుటుంబానికే కేటాయించినదని, ఇప్పటికీ రాజప్రాసాదంలోకి అది కట్టుకుని వెళ్ళరని చెప్పింది. చరిత్ర, కులీనత, చేతిపని, కూలి, అన్నీ ఒక గుడ్డ మీదుగా వచ్చాయి. సోషియాలజీ పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి?

మూడు: వీసా ఏది, సర్వే చేయిస్తారా? ఆతిథ్యమిచ్చే యూనివర్సిటీయే స్పాన్సర్‌గా ఉండే సరైన వీసా కావాలి. "టూరిస్టు వీసా మీద వచ్చేయండి, అక్కడ చూసుకుందాం" అనేవాళ్ళతో వెళ్ళొద్దు. ఇండోనేషియాలో విదేశీయులు పరిశోధన చేయాలంటే బ్రిన్ అనే జాతీయ సంస్థ అనుమతి కావాలి. క్లాసు పనిగా నేర్చుకోవడం వేరు, పేపర్ వేయడానికి సమాచారం సేకరించడం వేరు. వాళ్ళ పని ఏ కోవలోకి వస్తుందో యూనివర్సిటీనే రాతపూర్వకంగా అడగండి. మీ అమ్మాయి కాలేజీ ఈ 8 వారాలకి క్రెడిట్లు ఇస్తుందో లేదో కూడా బయల్దేరక ముందే కాగితం మీద తీసుకోండి. తిరిగొచ్చాక అడిగి ఏడ్చినవాళ్ళని చూశాను.

నాలుగు: రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఎవరు వస్తారు? పేరు, ఫోన్ నంబరు, ఎంతసేపట్లో చేరతారు, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నది చెప్పగలగాలి. యోగ్యకర్తకి ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం ఉంది. 2010లో పెద్దగా పేలింది. 2006లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఇవి విని భయపడి మానుకోమని కాదు. అక్కడ లక్షలమంది బతుకుతున్నారు, ఊళ్ళలో ఎటు వెళ్ళాలో బోర్డులు ఉంటాయి. పల్లె ఏ ప్రమాద జోన్‌లో ఉంది, ఖాళీ చేయాల్సివస్తే ఏర్పాటు ఏమిటి అని అడిగితే వాళ్ళు తడుముకోకుండా చెప్పాలి.

ఆడపిల్ల గురించి మీ భయం సహజమే. నేను ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు ముందు చూసేది గది తలుపుకి లోపలి గొళ్ళెం, తర్వాత స్నానాల గది తలుపు, ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడ ఉందా లేదా. పోయిన ఏడాది అదే ఇంట్లో ఉన్న అమ్మాయి నంబరు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అదే మీకు జవాబు. ఇద్దరమ్మాయిల్ని ఒకే ఇంట్లో పెడతామంటే ధైర్యంగా ఉంటుంది కానీ, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఇంటివాళ్ళని వదిలేస్తారు. ఒకే వీధిలో చెరొక ఇల్లు అన్నిటికన్నా మంచి ఏర్పాటు. ఇంకొకటి, స్కూటర్ అద్దెకి తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆసియాలో నా విద్యార్థులకి జరిగిన పెద్ద దెబ్బలన్నీ స్కూటర్ల మీదే. సరైన లైసెన్సు లేకుండా నడిపితే చాలా బీమా పాలసీలు పైసా ఇవ్వవు. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, పల్లెలో ఎక్కువ రోజులు కాబట్టి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకాల గురించి డాక్టర్ని ఇప్పుడే కలవండి. డెంగీ ఉంటుంది, పగలు కూడా దోమల మందు రాసుకోవాలి.

మీరు శాకాహారమా అన్నది రాయలేదు. ఒకవేళ అయితే జావాలో టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు పుష్కలంగా దొరుకుతాయి, టెంపే పుట్టిల్లే అది. కానీ పచ్చళ్ళలో, కూరల్లో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. "మాంసం తినను" అంటే అది అందులోకి వస్తుందని వాళ్ళు అనుకోరు. విడిగా చెప్పాలి. జపాన్‌లో ఎండుచేపల రసం, థాయిలాండ్‌లో చేపల సాస్ ఇలాగే ఇబ్బంది పెట్టేవి.

తెలుగు పిల్లలకి ఆసియాలో ఒక వరం ఉంది, అందులోనే ఒక గుంట కూడా ఉంది. వరం ఏమిటంటే వరసలు. వియత్నాంలో మనిషిని చూడగానే వయసు అడుగుతారు, ఎందుకంటే వయసు తెలియకపోతే పిలవడానికి మాటే ఉండదు. అక్క, అన్న, చిన్నాన్న, అత్త, వీటిలో ఏదో ఒకటి పెట్టుకునే మాట్లాడాలి. పాశ్చాత్య విద్యార్థులు దానికి చిరాకుపడటం చూశాను. మన పిల్లలు పది నిమిషాల్లో అల్లుకుపోతారు. "ఆన్ కొమ్ చువా?" అంటే "అన్నం తిన్నావా?" అని తెలిశాక మెకాంగ్ డెల్టాలో మా అమ్మాయి ఒకతి ముఖం వెలిగిపోయింది. జావాలో పెద్దవాళ్ళ ముందునుంచి వెళ్ళేటప్పుడు కొద్దిగా వంగి, కుడిచేయి కిందికి చాపి "నువున్ సెవు" అంటారు. ఆ వంగడం మన పిల్లలకి నేర్పక్కర్లేదు. ఆడవాళ్ళు నెలకోసారి కలిసి డబ్బు వేసి పేరు తీసే ఆరిసాన్ చూస్తే, అచ్చం చీటీ! మీ అమ్మాయికి వెంటనే అర్థమవుతుంది.

గుంట కూడా అక్కడే. తెలిసినట్టు కనబడేసరికి తెలుసు అనుకుంటారు. ఇండోనేషియా భాషలో "బహాస" అంటే భాషే, కానీ "దేశ" అంటే పల్లె. మాట మనదే, అర్థం పక్కకి జరిగింది. ఒకసారి మావాళ్ళు రాత్రంతా తోలుబొమ్మలాట చూశారు, వయాంగ్ కులిత్ అంటారు. మహాభారత కథ. అక్కడి సంప్రదాయంలో ద్రౌపది ధర్మరాజు ఒక్కడి భార్య. శిఖండి స్థానంలో శ్రీకండి అనే స్త్రీ ఉంటుంది, విల్లు పట్టే వీరవనిత, అర్జునుడి భార్య. తెల్లారాక మా కుర్రాడు ఇంటి పెద్దాయనతో "మీవాళ్ళు కథ తప్పుగా చెబుతున్నారు" అన్నాడు. పెద్దాయన "ఇంగ్గి" అని ఊరుకున్నాడు. ఆ "ఇంగ్గి" ఏ రకమో మీకు ఇప్పుడు తెలుసు. ముస్లిం కుటుంబం, తరాలుగా ఆ కథని తమదిగా చెప్పుకుంటోంది. వాళ్ళ భారతం వాళ్ళది. మీ అమ్మాయి వెళ్ళే ముందు ఈ ఒక్క జాగ్రత్త చెప్పండి: మనదానిలా ఉన్న ప్రతిదాని దగ్గరా ఇంకో ప్రశ్న అడగమని.

రెండో వారం చివరో మూడో వారమో మీకు ఏడుస్తూ ఫోన్ వస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది. కొత్తదనం తగ్గి, భాష ఇంకా రాక, ఒంట్లో నలత చేరే సమయం అది. క్యుషులో ఒక రైతు ఇంట్లో ఉన్న మా అమ్మాయి స్నానం అయ్యాక రోజూ తొట్టి నీళ్ళు వదిలేసేది. జపాన్ ఇళ్ళలో బయట ఒళ్ళు కడుక్కుని తొట్టిలో కూర్చుంటారు, అవే నీళ్ళు ఇంటిల్లిపాదికీ. ఇంటావిడ ఏమీ అనలేదు, రోజూ మళ్ళీ నింపుకుంది. అయిదో రోజు రాత్రి నీళ్ళ చప్పుడు విని, తన తర్వాత ముసలాయన ఇంకా స్నానం చేయాలని ఆ అమ్మాయికి తెలిసింది. సిగ్గుతో కుమిలిపోయి, ఇల్లు మార్చేయమని నాకు ఫోన్ చేసింది. మూడు రోజులు ఆగుదామన్నాను. క్షమాపణ చెప్పడం ఎలాగో ఇద్దరం కలిసి సాధన చేశాం. చెప్పింది. ఇంటావిడ ఒక కాగితం మీద తొట్టి బొమ్మ గీసి, అందులో ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా రాసి, ఆ అమ్మాయి పేరు మొదట పెట్టింది. అతిథికి మొదటి స్నానం. ఇల్లు మార్చి ఉంటే ఆ కాగితం ఉండేది కాదు.

కాబట్టి ఆ ఫోన్ వచ్చినప్పుడు వెంటనే టికెట్ చూడొద్దు. భద్రత సమస్యా, బాధా అన్నది ముందు అడగండి. ఎవరైనా తాకారా, తలుపు దగ్గరికి వచ్చారా, భయంగా ఉందా అని నేరుగా అడగండి. అదైతే అదే రోజు ఇల్లు మార్పించాలి, ఆలోచించే పనే లేదు. బాధ అయితే వినండి, కోఆర్డినేటర్‌కి చెప్పమనండి, నాలుగు రోజులు ఇవ్వండి. రోజూ వీడియో కాల్ పెట్టుకోకండి. వారానికి రెండుసార్లు చాలు. రోజూ సాయంత్రం గంటసేపు మీతో మాట్లాడితే ఆ గంట వంటగదిలోనిదే తగ్గుతుంది.

వెళ్ళే ముందు రెండు నెలలు ఇండోనేషియా భాష నేర్చుకోమనండి. రోమన్ లిపి, క్రియలకి కాలాల గొడవ లేదు, రోజుకి అరగంటతో పని నడిచేంత వస్తుంది. జావా భాష వేరే, అందులో మర్యాద స్థాయిలు ఉన్నాయి, అది అక్కడికెళ్ళి పట్టుకోవాల్సిందే. డబ్బు ఇబ్బంది అయితే ఇండోనేషియా ప్రభుత్వమే ఇచ్చే దర్మాసిస్వా స్కాలర్‌షిప్ ఉంది. 1974లో ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాల విద్యార్థులతో మొదలై తర్వాత మిగతా దేశాలకీ తెరిచారు. భాష, సంగీతం, బాతిక్ లాంటివి అక్కడి యూనివర్సిటీల్లో నేర్చుకోవచ్చు. డిగ్రీ అయ్యాక ఆలోచించదగ్గది.

ఇక ఇంటివాళ్ళకి ఏం పట్టుకెళ్ళాలన్నారు. ఖరీదైనవి వద్దు, వాళ్ళు తిరిగి ఏదో ఇవ్వాలని ఇబ్బంది పడతారు. మీ కుటుంబం ఫోటోలు పది, కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వండి. అమ్మమ్మ, నాన్నమ్మ ఉన్నవి, మీ వంటగదిది ఒకటి, ఎవరిదైనా పెళ్ళిది ఒకటి. భాష రాని మొదటి సాయంత్రం అవి గంటసేపు నడిపిస్తాయి: ఈవిడెవరు, ఎంతమంది పిల్లలు, ఎవరు పెద్ద. తినేదేదైనా ఇస్తే సీలు ఉన్న ప్యాకెట్టు, జెలటిన్ లేనిది చూసి తీసుకోండి, ఎక్కువగా ముస్లిం కుటుంబాలు కాబట్టి. కుడిచేత్తోగానీ రెండు చేతులతోగానీ ఇవ్వమనండి. తీసుకుని, విప్పకుండా పక్కన పెట్టేస్తారు. నచ్చలేదని కాదు, ఇచ్చినవాళ్ళ ముందు విప్పకపోవడం అక్కడి మర్యాద. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పి పంపండి.